ఈ రోజు ఎన్నో రోజు?

2021 చివర్లో వర్డిల్ అనే ఆట ఇంటర్నెట్‌ను ఊపేసింది. రోజుకో అయిదక్షరాల ఇంగ్లిష్ మాట, దాన్ని పట్టుకోవడానికి ఆరు అవకాశాలు. హైదరాబాదులో ఆడినా, డల్లాస్‌లో ఆడినా ఆ తేదీకి మాట ఒక్కటే. ఆటను తయారుచేసిన జోష్ వార్డల్ ఇందుకోసం రోజూ ఒక మాట పంపే సర్వరేదీ పెట్టుకోలేదు. మాటల జాబితా మొత్తం వెబ్ పేజీతోపాటే వచ్చేసేది. ఆడేవారి ఫోనో కంప్యూటరో ఒక్క ప్రశ్నకు జవాబు కట్టుకునేది: 2021 జూన్ 19 నుంచి ఈ రోజుకు ఎన్ని రోజులయ్యాయి? సున్నా వస్తే జాబితాలో మొదటి మాట, ఒకటి వస్తే రెండో మాట. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆటను కొనేసింది. ఆట మీద కనబడే సంఖ్య మాత్రం ఆ జూన్ 19 నుంచే నడుస్తోంది. 2024 అక్టోబరు 4న అది 1203.

ఆ లెక్క కట్టే కోడ్ ఒకటి రెండు వాక్యాలకు మించదు. రెండు తేదీల అర్ధరాత్రులను మిల్లీసెకన్లలో తీసుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తుంది. వచ్చినదాన్ని ఒక రోజులో ఉండే 8,64,00,000 మిల్లీసెకన్లతో భాగిస్తుంది. దశాంశం వస్తే దాన్ని కొట్టిపారేయకుండా దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది. ఈ చివరి మెట్టు అనవసరం అనిపిస్తుంది గానీ, అది లేకపోతే సిడ్నీలో ఆట ఏడాదికి కొన్ని నెలలు ఒక రోజు వెనకబడి ఉండేది. ఎలాగో అక్కడికి వచ్చినప్పుడు చూద్దాం.

తేదీ మనుషుల వాడకానికి తగినది, కూడికలకూ తీసివేతలకూ లొంగనిది. ఒక నెలకు 30, ఒక నెలకు 31, ఫిబ్రవరికి 28, నాలుగేళ్లకోసారి 29, 1900లో మళ్లీ 28, 2000లో 29. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది 1956 నవంబరు 1న, తెలంగాణ ఏర్పడింది 2014 జూన్ 2న. నడుమ 57 ఏళ్ల 7 నెలల 1 రోజు అని చెప్పడం సులువే. అదెన్ని రోజులంటే లీపు సంవత్సరాలను ఏరుకోవాలి, నెలలను విడదీసుకోవాలి, రెండు కొసల్లో ఏది కలపాలో ఏది వదలాలో తేల్చుకోవాలి. తప్పు జరిగితే అది ఒక్క రోజు తప్పే అవుతుంది, అందుకే కంటికి ఆనదు.

అదే ప్రతి రోజుకూ, రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీద ఉన్నట్టు, ఒక వరస సంఖ్య ఉంటే? 1970 జనవరి 1ని సున్నా అనుకుంటే 1956 నవంబరు 1 సంఖ్య −4,809. 2014 జూన్ 2 సంఖ్య 16,223. తీసివేస్తే 21,032 రోజులు. అంతే. వారం కూడా చేతికొస్తుంది. 1970 జనవరి 1 గురువారం. 16,223ను 7తో భాగిస్తే శేషం 4, గురువారం నుంచి నాలుగు రోజులు ముందుకు వెళితే సోమవారం. తెలంగాణ ఏర్పడింది సోమవారం నాడే. 4,809ని 7 శేషం లేకుండా భాగిస్తుంది, కాబట్టి ఆంధ్రప్రదేశ్ అవతరణ కూడా గురువారం.

1970 జనవరి 1 అనేది యూనిక్స్ నుంచి వచ్చింది. బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కాలాన్ని ఆ రోజు గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి సెకన్లలో లెక్కపెడుతుంది. ఆ సెకన్ల సంఖ్యను 86,400తో భాగించి పూర్ణాంకం తీసుకుంటే రోజు సంఖ్య. పదివేలో రోజు 1997 మే 19న వచ్చింది, ఇరవైవేలో రోజు 2024 అక్టోబరు 4న. సరిగ్గా స్పుత్నిక్ ఎగిరిన తేదీ అది, 67 ఏళ్ల తర్వాత. జావాలో, ఆర్‌లో ఈ సంఖ్యను నేరుగా ఇచ్చే ఫంక్షన్లున్నాయి. లినక్స్‌లో పాస్‌వర్డ్ వివరాలు దాచే షాడో అనే ఫైలు తెరిస్తే ప్రతి ఖాతా వరసలో మూడో గడిలో ఒక అయిదంకెల సంఖ్య కనిపిస్తుంది. పాస్‌వర్డ్ చివరిసారి మార్చిన రోజు అది. 20000 అని ఉంటే 2024 అక్టోబరు 4న మార్చారన్నమాట. అక్కడ సున్నా పెడితే మాత్రం 1970 అని కాదు, మళ్లీ లాగిన్ అవగానే పాస్‌వర్డ్ మార్చి తీరాలని అర్థం.

అందరి సున్నా ఒక్కటి కాదు. పైథాన్ క్రీస్తుశకం 1వ సంవత్సరం జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుంది, అందులో 1970 జనవరి 1 సంఖ్య 7,19,163. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తేదీని 2000 జనవరి 1 నుంచి రోజులుగా దాచుకుంటుంది. గణాంకాల సాఫ్ట్‌వేర్ శాస్ 1960 నుంచి లెక్కపెడుతుంది. కోబాల్ 1601 జనవరి 1ని ఒకటి అంటుంది. విండోస్ ఫైళ్ల సమయాలూ 1601 నుంచే. గ్రెగోరియన్ క్యాలెండరు 400 ఏళ్లకొకసారి తిరగబెడుతుంది, అలాంటి ఒక ఆవర్తనం 1601లో మొదలైంది. కొత్త ఆవర్తనం మొదటి రోజున లెక్క మొదలుపెడితే లీపు సూత్రాలు తేలికవుతాయి.

ఎక్సెల్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దాని లెక్కలో 1900 జనవరి 1 ఒకటో రోజు. కానీ 60వ రోజు దగ్గర అది 1900 ఫిబ్రవరి 29 అంటుంది. ఆ తేదీ ఎన్నడూ లేదు. వంద భాగించినా నాలుగు వందలు భాగించని సంవత్సరం లీపు కాదు, 1900 అలాంటిదే. ఈ పొరపాటు అంతకుముందు 1983లో వచ్చిన లోటస్ 1-2-3 లోది. అప్పట్లో ఆఫీసుల్లో లోటస్ ఫైళ్లే రాజ్యమేలుతుండేవి. ఆ ఫైళ్లు తెచ్చుకుని ఎక్సెల్‌లో తెరిస్తే తేదీలు ఒక రోజు జరిగిపోకూడదని మైక్రోసాఫ్ట్ పొరపాటును తెలిసే నిలుపుకుంది. ఇప్పుడు సరిదిద్దితే ప్రపంచంలో ఉన్న పాత షీట్లలో తేదీలన్నీ ఒక రోజు కదులుతాయి. అందుకే అది ఇంకా అలాగే ఉంది. 1900 మార్చి 1 తర్వాతి తేదీలు యూనిక్స్ లెక్కకు రావాలంటే ఎక్సెల్ సంఖ్యలోంచి 25,569 తీసేయాలి. ఎక్సెల్‌లోనే 1904 నుంచి మొదలయ్యే మరో పద్ధతీ ఉంది, మొదట మాకింతోష్ కోసం పెట్టినది. రెండింటికీ తేడా 1,462 రోజులు. ఒక షీట్‌లోంచి తేదీలు కాపీ చేసి ఇంకో షీట్‌లో పెట్టగానే అన్నీ నాలుగేళ్ల ఒక రోజు జరిగాయంటే కారణం ఇదే.

కంప్యూటర్లు రాకముందే రోజుల వరస లెక్కను ఖగోళ శాస్త్రజ్ఞులు నమ్ముకున్నారు. 1583లో జోసెఫ్ స్కాలిజర్ అనే పండితుడు 28, 19, 15 ఏళ్ల మూడు ఆవర్తనాలను గుణించి 7,980 ఏళ్ల కాలాన్ని తయారుచేశాడు. అది క్రీస్తుపూర్వం 4713 జనవరి 1న మొదలవుతుంది. అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టే జూలియన్ దినసంఖ్యను 19వ శతాబ్దం నడుమ జాన్ హెర్షెల్ ఖగోళ శాస్త్రంలో వ్యాప్తిలోకి తెచ్చాడు. ఇందులో రోజు మధ్యాహ్నం మారుతుంది, ఐరోపాలో రాత్రంతా నక్షత్రాలు చూసేవారి పుస్తకంలో ఒక రాత్రికి రెండు సంఖ్యలు పడకుండా. 1957లో స్పుత్నిక్ కక్ష్యను వెంటాడుతున్న స్మిత్‌సోనియన్ ఖగోళ పరిశోధనశాల వారికి ఆ పెద్ద సంఖ్య కంప్యూటరులో బరువనిపించింది. 24,00,000.5 తీసేసి, రోజును అర్ధరాత్రికి మార్చి, 1858 నవంబరు 17 నుంచి మొదలయ్యే చిన్న సంఖ్యను వాడుకున్నారు. ఆ లెక్కలో స్పుత్నిక్ ఎగిరిన రోజు 36,115.

మన దగ్గర ఈ పని ఇంకా ముందే జరిగింది. 499 ప్రాంతపు ఆర్యభటీయం మొదలుకుని సిద్ధాంత గ్రంథాలన్నింటిలో గ్రహగణితానికి మొదటి మెట్టు అహర్గణం, అంటే సాధారణంగా కలియుగం మొదలైన రోజు నుంచి గడిచిన రోజుల సంఖ్య. ఆ మొదలు క్రీస్తుపూర్వం 3102 ఫిబ్రవరి 18, శుక్రవారం. అహర్గణం చేతికొచ్చిందంటే సూర్యుడైనా శని అయినా ఒకే త్రైరాశికం: యుగంలో ఇన్ని రోజులకు ఇన్ని భ్రమణాలైతే, ఈ అహర్గణానికి ఎన్ని? తిథి, వారం, నక్షత్రం అన్నీ ఆ సంఖ్య మీదే నిలబడతాయి.

అయితే ఆ సంఖ్య తెచ్చుకోవడమే అసలు పని. చాంద్రమానంలో నెలలు తరుగుతాయి, పెరుగుతాయి, అధికమాసాలు వస్తాయి, తిథులు లోపిస్తాయి. ఆర్యభటుడి యుగంలో 43,20,000 సౌర వర్షాలు, అంటే 5,18,40,000 సౌర మాసాలు. వాటిలో 15,93,336 అధికమాసాలు. తిథులు 160,30,00,080. వాటిలో లోపించేవి 2,50,82,580. మిగిలిన 157,79,17,500 సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా లెక్కించే రోజులు. ఈ అంకెలతోనే 2014 జూన్ 2ను లెక్కకట్టి చూడవచ్చు. అది జయ నామ సంవత్సరం, శకం 1936, జ్యేష్ఠ మాసం. శకానికి 3,179 కలిపితే గడిచిన కలి సంవత్సరాలు 5,115. వాటిని 12తో గుణించి, గడిచిన చైత్ర వైశాఖాలను కలిపితే 61,382 నెలలు. అధికమాసాల నిష్పత్తి ప్రకారం వీటికి 1,886 అధికమాసాలు, శేషం వదిలేయాలి. మొత్తం 63,268 చాంద్రమాసాలు. 30తో గుణించి, నెలలో నాలుగు తిథులు గడిచాయని కలిపితే 18,98,044 తిథులు. వీటిలో లోపించినవి 29,699. తీసేస్తే 18,68,345.

యూనిక్స్ లెక్కతో పోల్చుదాం. కలి ఆరంభానికీ 1970 జనవరి 1కీ నడుమ 18,52,122 రోజులు. దానికి 16,223 కలిపితే 18,68,345. పదిహేను శతాబ్దాల నాటి అంకెలు, పూర్ణాంకాల గుణకారం, భాగహారం తప్ప మరేదీ లేకుండా, ఒక్క రోజు కూడా తేడా రాలేదు.

ఇందులో ప్రతి ప్రోగ్రామరూ నేర్చుకోదగ్గ అంశం ఒకటుంది. ఈ గణితం సగటు లెక్కలతో నడుస్తుంది. నిజమైన తిథి సగటు తిథికి కొన్ని గంటలు అటూ ఇటూ ఉంటుంది. కాబట్టి ఆ ఉదయానికి మూడు తిథులే గడిచాయని తీసుకునే వీలూ ఉంది. అప్పుడు వచ్చేది 18,68,344. దాన్ని 7తో భాగిస్తే శేషం 2, శుక్రవారం నుంచి రెండు రోజులు ముందుకు వెళితే ఆదివారం. కానీ ఆ రోజు సోమవారమని ఊరందరికీ తెలుసు. వారం కలవకపోతే ఒకటి కలపమనీ, అవసరమైతే ఒకటి తీసేయమనీ గణకులు నియమం పెట్టుకున్నారు. తిథితో సంబంధం లేకుండా, ఎవరి లెక్కా అక్కర్లేకుండా, ఏడేడుగా తిరుగుతూ వస్తున్న వారాన్ని పరీక్షకు వాడుకున్నారు. తేదీల కోడ్ రాసేవారు ఈ రోజుకూ ఇలాంటి పరీక్ష పెట్టుకుంటే, ఒక రోజు అటూ ఇటూ అయ్యే పొరపాట్లలో చాలావాటిని ముందే పట్టుకోవచ్చు.

సంఖ్య పెద్దదైతే చేతిలెక్క కష్టం. అందుకే పంచాంగ లెక్కలకు వాడే కరణ గ్రంథాలు దగ్గరి కాలాన్ని మొదలుగా పెట్టుకున్నాయి. బ్రహ్మగుప్తుడి ఖండఖాద్యకం 665 నుంచి లెక్కపెడుతుంది. గణేశ దైవజ్ఞుడి గ్రహలాఘవం 1520ని మొదలుగా పెట్టుకుని, రోజులను 4,016 చొప్పున చక్రాలుగా విడగొట్టింది. పంచాంగ గణకుడు నాలుగంకెల సంఖ్య దాటి గుణించాల్సిన పని లేకుండా పోయింది. స్పుత్నిక్ కోసం స్మిత్‌సోనియన్ వారు చేసిందీ, పోస్ట్‌గ్రెస్ రూపకర్తలు 2000ని ఎంచుకోవడమూ ఈ దారిలో పనులే. కేరళలో మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి 1586లో నారాయణీయం పూర్తిచేసిన రోజును, అక్షరాలను అంకెలుగా చదివే కటపయాది పద్ధతిలో, కావ్యం చివరి మాటల్లోనే దాచాడు. విప్పితే 17,12,210 వస్తుంది. కవి తన కావ్యానికి తేదీగా వేసుకున్నది అహర్గణాన్నే.

రోజు సంఖ్యను తిరిగి తేదీగా మార్చడం కంప్యూటరుకూ కొంచెం మెలికే. దానికి వాడే ఉపాయం చాలా అందంగా ఉంటుంది: సంవత్సరాన్ని మార్చితో మొదలుపెట్టడం. అప్పుడు ఫిబ్రవరి ఏడాది చివరికి పోతుంది, లీపు రోజు వస్తే తోకలో వస్తుంది, మిగతా నెలలు దేనికీ కదలవు. మార్చి నుంచి వరసగా 31, 30, 31, 30, 31, అయిదు నెలలకు 153 రోజులు. ఆగస్టు నుంచి మళ్లీ అదే వరస. నెల సంఖ్యను 153తో గుణించి, 2 కలిపి, 5తో భాగిస్తే ఆ నెల ముందు గడిచిన రోజులు వచ్చేస్తాయి. మార్చిని సున్నాగా లెక్కపెడితే జూన్‌కు నెల సంఖ్య 3, 153ను మూడుతో గుణిస్తే 459, రెండు కలిపితే 461, అయిదుతో భాగించి పూర్ణాంకం తీసుకుంటే 92. మార్చి, ఏప్రిల్, మే కలిపితే 92 రోజులే. పట్టిక అక్కర్లేదు. 400 ఏళ్లకు 1,46,097 రోజులు, ఆ సంఖ్యను 7 నిశ్శేషంగా భాగిస్తుంది, కనుక 400 ఏళ్ల తర్వాత తేదీలు వారాలతో సహా తిరగబెడతాయి.

రోజులను ఒకటొకటిగా లెక్కపెట్టడంలో ఇబ్బంది లేదు. ఒక రోజు ఎక్కడ ముగిసి ఇంకోటి ఎక్కడ మొదలవుతుందన్న దగ్గరే చిక్కంతా. ఆర్యభటుడే రెండు పద్ధతులు చెప్పాడు, ఒకటి లంకలో సూర్యోదయం నుంచి, ఇంకోటి అర్ధరాత్రి నుంచి. ఇక్కడ లంక అంటే ఉజ్జయిని రేఖాంశం భూమధ్యరేఖను తాకే చోటు. భారత కాలమానంలో ఆ సగటు సూర్యోదయం సుమారు 6 గంటల 27 నిమిషాలకు.

యూనిక్స్ రోజు గ్రీనిచ్ అర్ధరాత్రికి మారుతుంది. మనకు అప్పుడు ఉదయం 5.30. సెకన్లను 86,400తో భాగించి ఊరుకున్న ప్రోగ్రామ్ విజయవాడలో అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము 5.30 దాకా నిన్నటి రోజు సంఖ్యే చెబుతుంది. 2014లో జూన్ 2 మొదలైన అర్ధరాత్రి తెలంగాణ పుట్టిన క్షణంలో ఆ లెక్క ఇంకా 16,222 దగ్గరే ఉంది. ఈ బగ్ పగలు పరీక్షించేవారికి దొరకదు. రాత్రి షిఫ్టు హాజరులో, అర్ధరాత్రి దాటాక చేసిన చెల్లింపులో, తెల్లవారుజామున నమోదైన కొలతలో బయటపడుతుంది. భారతదేశానికి మాత్రమైతే మందు తేలిక: భాగించే ముందు 19,800 సెకన్లు, అంటే అయిదున్నర గంటలు కలిపితే చాలు. మన దేశంలో గడియారాలను వేసవికి ముందుకు జరిపే అలవాటు లేదు కాబట్టి ఆ సంఖ్య ఏడాది పొడవునా మారదు.

డల్లాస్‌లో మారుతుంది. 2024 మార్చి 10న అక్కడ తెల్లవారుజామున రెండు కాగానే గడియారాన్ని మూడుకు జరిపారు, కాబట్టి ఆ రోజు 23 గంటలే. ఆ అర్ధరాత్రి నుంచి మర్నాటి అర్ధరాత్రికి తేడాను మిల్లీసెకన్లలో తీసుకుని భాగిస్తే 0.958 వస్తుంది. దశాంశం కొట్టేస్తే సున్నా, అంటే ఒక రోజు గడిచినా గడవలేదని లెక్క. చలికాలంలో మొదలుపెట్టి వేసవిలో ముగిసే ప్రతి లెక్కలోనూ ఈ గంట కొరత ఉంటుంది. వేసవిలో మొదలై చలికాలంలో ముగిస్తే ఒక గంట ఎక్కువవుతుంది. వర్డిల్ సున్నా రోజు జూన్‌లో ఉంది గనుక అమెరికాలో మార్చి నుంచి నవంబరు దాకా ఇబ్బంది లేదు, తర్వాత గంట మిగులుతుంది, కొట్టేసినా సరిపోతుంది. కానీ ఆట దక్షిణార్ధగోళంలోనూ ఆడతారు. సిడ్నీలో జూన్ చలికాలం, అక్టోబరు నుంచి గంట తగ్గుతుంది. సున్నా రోజు జనవరిలో ఉండి ఉంటే డల్లాస్‌కూ అదే గతి. దగ్గరి పూర్ణాంకానికి సవరించడంతో రెండు అర్ధగోళాలకూ ఒకేసారి రక్ష దొరికింది. అంతకన్నా నమ్మకమైన పద్ధతి ఇంకోటుంది: స్థానిక గడియారం నుంచి సంవత్సరం, నెల, తేదీ మాత్రమే తీసుకుని, గంటలను పూర్తిగా వదిలేసి, ఆ మూడింటి నుంచే రోజు సంఖ్య కట్టడం. హైదరాబాదులో కూర్చుని అమెరికా ఖాతాదారులకు సాఫ్ట్‌వేర్ రాసేవారు ఈ పద్ధతి పట్టుకుంటే మార్చి, నవంబరు నెలల్లో చాలా ఫోన్లు తప్పుతాయి.

సమోవాకు మాత్రం ఇదీ చాలదు. ఆ దేశం 2011లో అంతర్జాతీయ దినరేఖకు ఇటువైపు వచ్చేసింది. డిసెంబరు 29 గురువారం తర్వాత నేరుగా 31 శనివారం వచ్చింది. 30వ తేదీ అక్కడ ఎవరూ గడపలేదు. వరస సంఖ్యల తేడా రెండు, గడిచింది ఒక్క రోజు.

1970కి ముందు పుట్టినవారి తేదీల్లో మరో ఉచ్చు ఉంది. 1956 నవంబరు 1 గ్రీనిచ్‌లో ఉదయం 5.30ని రోజుల్లో రాస్తే సుమారు −4,808.77. సీ, జావా భాషల్లో మామూలు పూర్ణాంక భాగహారం దశాంశాన్ని సున్నా వైపు కొట్టేస్తుంది, దాంతో −4,808 వచ్చి తేదీ నవంబరు 2 అవుతుంది. కావలసింది కిందికి దింపడం. పైథాన్ భాగహారం కిందికే దింపుతుంది. జావాలో అందుకు విడిగా ఒక ఫంక్షన్ పెట్టారు. 1970 తర్వాతి తేదీలతోనే పరీక్షించిన ప్రోగ్రామ్‌లో ఈ తప్పు పెద్దవాళ్ల పుట్టినరోజులు నమోదు చేసేదాకా బయటికి రాదు.

86,400తో భాగించడం సరైనదేనా అన్న సందేహం వస్తుంది. భూమి తిరుగుడు కొంచెం హెచ్చుతగ్గులవడం వల్ల 1972 నుంచి 27 సార్లు లీపు సెకను కలిపారు. చివరిది 2016 డిసెంబరు 31 చివర, మన గడియారంలో 2017 జనవరి 1 ఉదయం 5.30 కావడానికి సరిగ్గా ముందు. ఆ రోజులో 86,401 సెకన్లు. అయినా యూనిక్స్ లెక్క లీపు సెకన్లను లెక్కలోకి తీసుకోదు, ప్రతి రోజుకూ సరిగ్గా 86,400 అనే పట్టు వదలదు. కాబట్టి భాగహారం చెల్లుతుంది. 2035 లోపు ఈ సర్దుబాటు పద్ధతినే మార్చాలని 2022లో కొలమానాల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది.

సంఖ్యను ఎంత చోటులో దాచారన్నది ఇంకో సంగతి. డెక్ కంపెనీ పీడీపీ-10 కంప్యూటర్లలో టాప్స్-10 అనే వ్యవస్థ 1964 జనవరి 1 నుంచి తేదీని 12 బిట్లలో దాచేది. అందులో పట్టే పెద్ద సంఖ్య 4,095. దాదాపు గ్రహలాఘవం చక్రమంత చోటు. పైగా ప్రతి నెలనూ 31 రోజులుగా లెక్కగట్టారు. 4,095ను 31తో భాగిస్తే 132 నెలలు, శేషం 3. అంటే 1975 జనవరి 4తో జాగా అయిపోయింది. ముందే తెలుసు కాబట్టి పాత ఫైళ్లలో ఖాళీ బిట్లు వెతికి మూడు కలిపారు. 1989 సెప్టెంబరులో అమెరికా ఆసుపత్రుల్లో వాడే కొన్ని ప్రోగ్రాములు ఆగిపోయాయి. 1900 నుంచి లెక్కించిన రోజుల సంఖ్య 32,768కి చేరింది, 16 బిట్లలో గుర్తుతో సహా పట్టే పెద్ద సంఖ్య 32,767. అంతకన్నా దూరాన జరిగినది డీప్ ఇంపాక్ట్ వ్యోమనౌక కథ. 2013 ఆగస్టులో దానితో సంబంధాలు తెగిపోయాయి. 2000 జనవరి 1 నుంచి సెకనులో పదో వంతుల చొప్పున లెక్కపెడితే 32 బిట్లు నిండేది సరిగ్గా ఆ ఆగస్టు 11నే. నౌక పోవడానికి కారణం అదేనని అనుమానం.

యూనిక్స్‌కు ఈ పాఠం మొదట్లోనే ఎదురైంది. 1971 నాటి దాని తొలి కాలగణన సెకనులో అరవయ్యో వంతుల్లో ఉండేది, 32 బిట్లు రెండేళ్ల మూడు నెలలకే నిండిపోయేవి. సెకన్లకు మార్చుకోవడంతో గడువు 2038 జనవరి 19 దాకా పెరిగింది. గుర్తుతో కూడిన 32 బిట్ల సెకన్ల లెక్క ఆ రోజు మన ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ముగుస్తుంది. రోజు సంఖ్య అప్పటికి 24,855 మాత్రమే. అవే 32 బిట్లలో సెకన్లకు బదులు రోజులు దాస్తే 58 లక్షల ఏళ్లు సరిపోతుంది. పోస్ట్‌గ్రెస్ తేదీ గడి అందుకే 58,74,897వ సంవత్సరం దాకా పనిచేస్తుంది. లినక్స్ 2020లో వచ్చిన 5.6 వెర్షన్‌తో 32 బిట్ల యంత్రాల్లోనూ 64 బిట్ల కాలానికి దారి తెరిచింది. మైఎస్‌క్యూఎల్‌లోని టైమ్‌స్టాంప్ గడి మాత్రం 2038 జనవరి 19 దాటిన క్షణాన్ని తీసుకోదు. ఇరవై ఏళ్ల గృహరుణం 2018 ఫిబ్రవరిలో తీసుకున్నవారి చివరి వాయిదా ఆ గీతకు అవతల పడుతుంది. అలాంటి గడిలో వాయిదా తేదీలు దాచుకున్న ప్రోగ్రామ్‌కు గడువు ఇప్పటికే దాటిపోయింది.